బిస్కెట్ల డబ్బాలో నీ మాట

మయూర్ విహార్, ఢిల్లీ
ఆదివారం మధ్యాహ్నం

వదినకి, గోపి దణ్ణం పెట్టి రాస్తున్నది. ఎదురుగా ఉంటే కాళ్ళకే పెట్టేవాణ్ణి. నువ్వు వెంటనే "ఏరా, ఎవరి కొంప ముంచొచ్చావు?" అనేదానివి. ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే చదువు. ఇక్కడ నేనూ, మా సొసైటీ నీళ్ళ మోటారూ క్షేమం. పొద్దున్నే ఇద్దరికీ కాస్త దగ్గుంది గానీ ఈ పొగలో అది ఊరందరికీ ఉన్నదే. అక్కడ నువ్వూ, మన పిల్ల అనూహ్యా, వినపడని నీ కుడి చెవీ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను.

ఈ ఉత్తరం మాత్రం అనూహ్య చేత చదివించుకోకు. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువు. ఫోన్లో నీకు వినపడదని ఉత్తరాలు మొదలెట్టాం గదా, ఈసారికి అదే మంచిదయింది. ఇది నీ చెవిలో అరిచి చెప్పే సంగతి కాదు.

పోయిన ఉత్తరంలో నాలుగు అడిగావు. వరసగా చెప్తాను. నాలుగోది ఆఖర్న చెప్తాను, తొందరపెట్టకు.

గోంగూర పచ్చడి చేరింది. మూత ఊడి నూనె కారి పార్సిల్ తెచ్చినవాడి సంచీ అంతా ఎర్రగా అయింది. "యే క్యా హై భయ్యా, ఖూన్?" అని వాడు బెదిరిపోతే, "అవును, రక్తమే, మా వదినది" అన్నాను. సంతకం కూడా పెట్టించుకోకుండా పోయాడు. పచ్చడి బాగుంది. ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది, అది ఎప్పుడూ ఉన్నదే.

స్వెట్టర్ వేసుకుంటున్నాను. మోటారు గదిలో వేసుకుంటే గ్రీజు అంటుతుందని తీసేస్తున్నాను, బయటికొచ్చాక చలేస్తే మళ్ళీ వేసుకుంటున్నాను. రోజులో సగం తలకాయ దాన్లోనే ఉంటోంది.

ఇక మూడోది. "ఊపిరి పీల్చే క్లాసుకి పోతున్నానని రాశావు, యాభై ఏళ్ళుగా నువ్వు పీలుస్తున్నదేమిటి మరి?" అని అడిగావు. నవ్వి నవ్వి చచ్చాను. కానీ దీనికి జవాబు చాలా పెద్దది, దాని కొసన నీ నాలుగో ప్రశ్న వేలాడుతోంది.

మా సొసైటీలో పద్మనాభం గారని ఒకాయన ఉన్నాడు. బందరాయన, సెంట్రల్ గవర్నమెంటులో చేసి రిటైరయ్యాడు, డెబ్భై దాటాయి. రోజూ పొద్దున్న ఆరింటికి పార్కులో గడ్డి మీద దుప్పట్లు పరిపించి పది పన్నెండు మందిని కూర్చోబెడతాడు. కళ్ళు మూసుకుని ఊపిరి లోపలికి, బయటికి. సరిగ్గా అప్పుడే నేను మోటారు వేస్తాను. అదేమో గేదె అరిచినట్టు అరుస్తుంది. ఒకరోజు ఆయనే మోటారు గదికొచ్చి, "నాయనా, ఆరున్నరకి వెయ్యగూడదూ?" అన్నాడు. "వెయ్యొచ్చండి, అరగంటసేపు నేనేం చెయ్యను?" అన్నాను. "వచ్చి మాతో కూర్చో" అన్నాడు. అలా ఇరుక్కున్నాను. ఇక్కడి హిందీవాళ్ళ నోట్లో నేను రాజగోపాల్ని కాదు, రాజూ భయ్యాని.

మొదటి రోజు ఆయన నాకు తెలుగులో విడిగా చెప్పాడు. "ఈ ఊపిరి మన గొప్ప కాదయ్యా. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పట్టుకుని నిలబెడితే మిగిలింది. లోపలికి పీల్చినప్పుడు ఆ మనిషిని తలుచుకో. వదిలేటప్పుడు మనసులో దణ్ణం పెట్టు. అంతే. ఇంకేం లేదు." నేను తలుచుకోలేదు. అందరూ కళ్ళు మూసుకున్నాక చూస్తే గట్టు పక్కన పన్నెండు జతల చెప్పులు కనపడ్డాయి. అన్నీ కలగాపులగం చేసేశాను. ఆరోజు మిలిటరీలో చేసిన పెద్దమనిషి ఒకాయన మాతో కూర్చునే చోప్రా ఆంటీ గులాబీరంగు చెప్పులేసుకుని ఇంటిదాకా పోయాడు.

ఇంకోరోజు ఏం చేశానో చెప్పనా? పద్మనాభం గారు దగ్గొచ్చి నీళ్ళు తాగడానికి లేచాడు. నేను వేపచెట్టు వెనకాల నుంచుని అచ్చం ఆయన గొంతు పెట్టి, "అబ్ సాఁస్ రోకియే" అన్నాను. అందరూ ఊపిరి బిగబట్టారు. వదలమని చెప్పేవాడు లేడు. చోప్రా ఆంటీ టమాటా పండయింది. ఆఖరికి ఆవిడే కళ్ళు తెరిచి, "రాజూ భయ్యా, తుమ్హారా సత్యానాశ్!" అని చెప్పు తీసింది. ఆ చెప్పే, గులాబీరంగుది.

నవ్వావా? నవ్వు. ఇక్కడిదాకా నవ్వొచ్చు.

క్లాసులో చేరిన మొదటి రెండు నెలల్లో నేను కళ్ళు మూసుకున్నది ఒక్కరోజే, ఒక్క నిమిషం. పక్కన కూర్చున్న ముసలాయన ముక్కు పట్టేసి గురగురమని ఊపిరి తీస్తున్నాడు. ఆ చప్పుడు నాకు పడలేదు. కళ్ళు తెరిచేశాను. ఎందుకు పడలేదో తరవాత చెప్తాను.

ఈ క్లాసులో ఒక పద్ధతుంది. ఊపిరి అయిపోయాక ప్రతివాళ్ళూ ఆరోజు తలుచుకున్న మనిషికి చెప్పాలనుకున్న మాట చీటీ మీద రాసి ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. పేర్లుండవు. ఆదివారం నాడు పద్మనాభం గారు అన్నీ తీసి పైకి చదువుతాడు. ఎక్కువ హిందీవే. ఒకటీ అరా ఇంగ్లీషువి. తెలుగు రాయడం వచ్చినవాళ్ళం అక్కడ ముగ్గురమే. ఆయన, నేను, ఆయన తమ్ముడు గోవిందరాజులు గారు.

ఈ అన్నదమ్ములిద్దరూ పదకొండేళ్ళుగా మాట్లాడుకోరు. ఒకాయన ఎ బ్లాకు, ఇంకొకాయన సి బ్లాకు. వాళ్ళమ్మ మంచంలో పడ్డ రెండేళ్ళూ పద్మనాభం గారే చూసుకున్నాడు. తమ్ముడికి అప్పుడు గౌహతిలో ఉద్యోగం. ఆవిడ పోయాక కబురు చేస్తే, ఆయనొచ్చేసరికి దహనం అయిపోయింది. ముందుగా ఎందుకు చెప్పలేదని తమ్ముడు, చెప్తేగానీ రావా అని అన్న. అంతే, తెగిపోయింది. కానీ తమాషా చూడు, గోవిందరాజులు గారు రోజూ క్లాసుకొస్తాడు. అన్న ఈ చివర కూర్చుంటే ఆయన ఆ చివర కూర్చుంటాడు, ఎండిపోయిన గులాబీ మొక్క పక్కన. అన్న "లోపలికి" అంటే పీలుస్తాడు, "బయటికి" అంటే వదులుతాడు. అంతవరకే మాట వినడం.

వాళ్ళని చూస్తే నాకు చెయ్యి దురద పుట్టింది. ఒక తెలుగు చీటీ వేస్తే ఏమవుతుంది? ఆదివారం పద్మనాభం గారు చదువుతాడు, తమ్ముడు రాశాడనుకుంటాడు, తమ్ముడేమో నేను రాయలేదంటాడు, పన్నెండు మంది ముందు ఇద్దరు ముసలాళ్ళూ గడ్డి మీద పడి పోట్లాడుకుంటారు. అదీ నా ఆలోచన. ఇంతకంటే మంచి ఉద్దేశం ఏమీ లేదు. ఉందని నువ్వు సర్దిచెప్పుకోకు.

రాద్దామని కూర్చుంటే మాటలు రాలేదు వదినా. పదోక్లాసు రెండుసార్లు తప్పినవాణ్ణి, వెక్కిరించమంటే ఎంతైనా వెక్కిరిస్తాను గానీ మంచిమాట ఒకటి నిజంలా రాయమంటే ఎక్కడినుంచి తేను? పెట్టె తీసి, నువ్వు పోయిన వేసవిలో రాసిన ఉత్తరం తీశాను. "మీ అన్నయ్య పక్కన నువ్వున్నావు గనక ఆయన ఒంటరిగా పోలేదు. ఈ మాట తలుచుకునే రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటున్నాను రా" అని రాశావే, అది. అన్నయ్య తీసేసి అమ్మ అని పెట్టాను. ఎడం చేత్తో రాశాను.

"అమ్మ పక్కన నువ్వున్నావు గనక అమ్మ ఒంటరిగా పోలేదు. ఈ మాట చెప్పడానికి నాకు ఇన్నాళ్ళూ నోరు రాలేదు."

ఆదివారం పద్మనాభం గారు డబ్బాలోంచి ఆ చీటీ తీశాడు. మొదటి మాట పైకి చదివాడు. రెండోది చదవలేకపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసేశాడు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా గడ్డికి అడ్డంగా నడుచుకుంటూ ఆ చివరికెళ్ళి తమ్ముడి ముందు కూలబడ్డాడు. రెండు చేతులూ పట్టుకుని, "గోవిందూ" అన్నాడు. 

గోవిందరాజులు గారు అన్నకేసి చూశాడు. తరవాత నాకేసి చూశాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని నేను నవ్వు బిగబట్టుకుని చూస్తున్నాను. ఆయన మాత్రం 'నేను రాయలేదు' అనలేదు.

మర్నాటినుంచి పద్మనాభం గారు తమ్ముడికోసం ఫ్లాస్కులో కాఫీ తేవడం మొదలెట్టాడు. మూతలో పోసి ఇచ్చేవాడు. ఆయన తలొంచుకుని తాగేవాడు. నేను చూసి, పోనీ, దొంగపనే గానీ మంచే జరిగిందిగదా అనుకున్నాను. మీసం కూడా దువ్వుకున్నాను.

శుక్రవారం గోవిందరాజులు గారు మోటారు గదికొచ్చాడు. తలుపు దగ్గరే నుంచుని, "నీ ఎడం చేతిరాత కుడిచేతి రాతకంటే బాగుందయ్యా రాజగోపాల్" అన్నాడు.

"ఏ రాతండీ?" అన్నాను.

"వేషాలు ఆపు. మోటారు గోడ మీద 'ముట్టుకోవద్దు' అని రాశావుగా, అందులో ఉన్న 'మ'యే దాన్లోనూ ఉంది."

"మరి అక్కడే ఎందుకనలేదు?"

"ఏమనమంటావు? పదకొండేళ్ళ తరవాత మా అన్నయ్య నన్ను గోవిందూ అన్నాడు. అది నాది కాదు, వేరేవాడిదనమంటావా?" అని గోడకి ఆనుకున్నాడు. "ఆ కాఫీ గొంతు దిగట్లేదయ్యా. రోజూ పొద్దున్నే లేచి ఆయన నాకు కృతజ్ఞత చెప్పుకుంటున్నాడు. నేను అనని మాటకి. నువ్వు రాసింది అబద్ధమైతే నీ చెంప పగలగొట్టి ఊరుకునేవాణ్ణి. నిజం. నేను రాయాల్సింది, పదకొండేళ్ళు రాయనిది, నువ్వు వేళాకోళానికి రాశావు. ఒకరికి చెందిన థాంక్సు ఇంకొకడు తాగుతూ కూర్చుంటే ఎలా ఉంటుందో నీకు తెలీదులే."

నాకు తెలుసు వదినా. నాకంటే ఎవరికి తెలుసు? పెట్టె నిండా నీ ఉత్తరాలున్నాయి. కానీ ఆయనతో, "చక్కెర తక్కువేసుకోండి, దిగుతుంది" అన్నాను. నా నోరు అలాంటిది. ఆయన నాకేసి జాలిగా చూసి పోయాడు.

ఆ ఆదివారం ఆయన గులాబీ మొక్క దగ్గర లేచి నుంచున్నాడు. "పోయిన వారం తెలుగు చీటీ నేను రాసింది కాదు. ఎవరు రాశారో తెలుసు, చెప్పను. ఆ మాట మాత్రం నేననాల్సింది, ఇప్పుడంటున్నాను" అని, అన్నకేసి తిరిగి నోటితో చెప్పాడు. అమ్మ పక్కన నువ్వున్నావు అన్నయ్యా, అని. చెప్తుంటే గొంతు పిల్లాడిదిలా అయింది.  పద్మనాభం గారు, "రాసినవాళ్ళెవరు?" అని, తెలుగు వచ్చినవాళ్ళలో మిగిలింది నేనేనని తెలిసి కూడా, అందర్నీ చూసి అడిగాడు. చోప్రా ఆంటీకి తెలుగు రాదు, అయినా నాకేసే చూసింది. నేను లేచి మోటారు వెయ్యడానికి పోయాను.

నాలుగు రోజులు పద్మనాభం గారు పార్కుకి రాలేదు. దుప్పట్లు పరిచేవాళ్ళు లేరు. అందరూ వచ్చి కాసేపు నిలబడి పోయేవాళ్ళు. అయిదో రోజు నేను ఎ బ్లాకు మెట్లెక్కాను. ఆయనే తలుపు తీశాడు. "నేనేనండి" అన్నాను. దేనికని అడగలేదు. లోపలికి రమ్మనీ అనలేదు.

"ఆటపట్టించడానికి రాశావు. అది నాకర్థమైంది. ఆ మాటలు నీకెక్కడివి? కూర్చుని అల్లే మాటలు కావవి" అన్నాడు.

"మా వదిన రాసిందండి. నాకే రాసింది. మా అన్నయ్య పోయాక."

ఆయన ముఖం మెత్తబడింది. "అయితే నువ్వు కూడా పక్కన కూర్చున్నవాడివేనన్నమాట" అని నా భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆ చెయ్యి తగిలుంటే నేనిలాగే బతికేసేవాణ్ణి. తగలక ముందే నోట్లోంచి వచ్చేసింది.

"లేదండి. కూర్చోలేదు."

చెయ్యి అక్కడే ఆగిపోయింది. "నాకెందుకు చెప్తున్నావు? ఆవిడకి చెప్పు" అని తలుపేశాడు. గట్టిగా కాదు, మెల్లగానే వేశాడు.

అందుకే చెప్తున్నాను వదినా. నీ నాలుగో ప్రశ్న ఇది: సంవత్సరీకానికి అనూహ్య బల్ల ముందు అంటించుకుంటుందిట, అన్నయ్య ఆఖరి మాట నీ చేత్తో కాయితం మీద రాసి పంపు అని. నేను రాయలేను. ఆ మాట అన్నయ్యది కాదు.

ఇరవై రోజులు ఇక్కడి ఢిల్లీ ఆస్పత్రి వరండాలో కూర్చుని నీ కాళ్ళు దిబ్బల్లా వాచాయి. "నేనున్నాను, నువ్వెళ్ళి నాలుగు రోజులు నడుం వాల్చి రా" అని నిన్ను రైలెక్కించింది నేను. రెండో రోజు మధ్యాహ్నం అన్నయ్య ఊపిరి మారింది. లోపల ఏదో బరువు లాగుతున్నట్టు గురగురమని. లోపలికి పీల్చాక బయటికొచ్చేలోపు ఎంతసేపో. నేను లెక్కపెట్టాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదికి వచ్చేసరికి నాకు నిలబడ్డానికి చేతకాలేదు. టీ తాగొస్తానని ఆయనకి చెప్పలేదు, నర్సుకి చెప్పి కిందికొచ్చేశాను.

గేటు ఎదుట టీకొట్టు దగ్గర రోగుల తాలూకు మనుషులు పదిమంది దిగులుగా కూర్చున్నారు. వాళ్ళకి వార్డు డాక్టరు ఎలా నడుస్తాడో, ఎలా కసురుతాడో చేసి చూపించాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు. ఇంకోసారి చెయ్యమన్నారు, చేశాను. పైకి పోదామా అనుకున్నాను, ఇంకో టీ చెప్పాను. గంటంబావు వదినా. వాళ్ళ నవ్వుల మధ్య ఫోను మోగింది. హలో అన్నప్పుడు నేను కూడా నవ్వుతూనే ఉన్నాను.

అన్నయ్యని ఊరికి తీసుకొచ్చాక నువ్వు నా చొక్కా పట్టుకుని, "ఏమన్నారు రా, ఆఖర్న ఏమైనా అన్నారా?" అన్నావు. చిన్నప్పుడు నేను తలుపు వెనక నుంచుని అన్నయ్య గొంతుతో "లక్ష్మీ, తువ్వాలు" అని పిలిస్తే నువ్వు నిజమనుకుని పరిగెత్తుకొచ్చేదానివి, గుర్తుందా? ఆరోజు కూడా అదే చేశాను. ఆయన గొంతు పెట్టి, "లక్ష్మి ఉంటే పిల్లకేం భయం లేదురా" అన్నాడని చెప్పాను. ఎడం చెవి నా నోటి దగ్గర పెట్టి విన్నావు. మళ్ళీ చెప్పమన్నావు. మళ్ళీ అదే గొంతుతో చెప్పాను. ఏడాదిగా నువ్వు నన్ను మెచ్చుకుంటున్నది ఆ తువ్వాలు ఆటకి.

నాకు తెలుసు, ఇప్పుడు నీ దగ్గర ఏమీ మిగల్లేదనుకుంటావు. అందుకని నిన్న ఆ ఆస్పత్రికి పోయాను. ఆరోజు ఆ వార్డులో ఉన్న నర్సు మన శ్రీకాకుళం వైపు పిల్ల, పేరు హాసిని. ఏడాదయింది గదా, ఎక్కడ గుర్తుంటుందనుకున్నాను. నన్ను చూడగానే, "మీరు వార్డులో డాక్టరుగారిలా మాట్లాడి నవ్వించిన ఆయన కదూ?" అంది. చూశావా, నన్ను గుర్తుపెట్టుకున్నది అందుకు.

అన్నయ్యని అడిగాను. "తెలుగాయన కాబట్టి బాగా గుర్తు" అంది. అప్పుడామె పక్క మంచం వాళ్ళకి సెలైను మారుస్తోందిట. అన్నయ్య చెయ్యి కదిపితే వచ్చి పట్టుకుందిట. ఆఖరుదాకా వదల్లేదుట, నాలుగు మంచాలవాళ్ళు పిలుస్తున్నా. మధ్యలో ఆయన కళ్ళు తెరిచి, "మా వాడేడమ్మా?" అని అడిగాడుట. "టీకి వెళ్ళారండి, పిలిపించనా?" అందిట. దానికి అన్నయ్య అన్నది ఇది. ఆ పిల్ల చేత మూడుసార్లు చెప్పించుకుని రాసుకున్నాను.

"వద్దులెండమ్మా, తాగనీండి. పొద్దున్నించీ వాడేం తినలేదు."

అంతే. ఇంకేం అనలేదుట. నీ పేరు లేదు, అనూహ్య పేరు లేదు. ఉందని రాద్దామని కలం ఆగింది వదినా, నిజం, ఇప్పుడు కూడా ఆగింది. రాయలేదు. అన్నయ్య ఒంటరిగా పోలేదన్న మాట మాత్రం నిజమే. మనిషి మారింది. నువ్వు కళ్ళు మూసుకునేటప్పుడు తలుచుకోవాల్సింది ఆ పిల్లని. ఆమె అడ్రసు కాయితం వెనక రాశాను. నాకు రాసినటువంటి ఉత్తరం ఒకటి ఆమెకి రాయి. నాకు రాసినవి నీకు తిరిగి పంపిస్తున్నాను, నా దగ్గర ఉంచుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఈవేళ పొద్దున్న పద్మనాభం గారు పార్కుకొచ్చాడు. తమ్ముడు దుప్పట్లు పరిచాడు. నన్నెవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. వెనకాల కూర్చుని కళ్ళు మూసుకున్నాను. పక్క ముసలాయన గురగురమంటూనే ఉన్నాడు. లెక్కపెట్టాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. ఈసారి లేవలేదు. లోపలికి పీల్చినప్పుడు హాసిని, వదిలినప్పుడు అన్నయ్య. తరవాత నువ్వు. తొమ్మిదేళ్ళ వెధవని పెంచి, వాడి కోతి వేషాలన్నీ భరించి, ఏనాడూ ఒక మంచిమాట విననిదానివి. నీకు చెప్పాల్సినది చీటీ మీద కుడిచేత్తో రాశాను, కింద పేరు కూడా పెట్టాను. డబ్బాలో వెయ్యలేదు. నీ ఉత్తరాల మధ్యలో ఉంది, వెతుక్కో.

సంవత్సరీకానికి రావాలని ఉంది. నువ్వు రావద్దంటే రాను, రాయకపోతే కూడా రాను. రమ్మంటే మాత్రం వాకిట్లో నుంచుని నిన్ను నా గొంతుతోనే పిలుస్తాను. అది ఎలా ఉంటుందో నీకు సరిగా తెలీదు, నాకూ తెలీదు. తలుపు తియ్యాలో వద్దో అప్పుడు చూసుకో.

ఇట్లు,
పక్కన లేని నీ మరిది
గోపి